వఫాదారీకి ఎన్ని సబూతులు?

యుద్ధమే వస్తే మీ దేశం కోసం పోరాడతారా? 1980ల నుంచీ అనేక దేశాల్లో జరుగుతున్న ప్రపంచ విలువల సర్వేలో ఈ ప్రశ్న ఉంది. అవును, కాదు అని జవాబులు. ఏ జవాబు చెప్పినా చెప్పినవాడి పౌరసత్వానికి వచ్చే నష్టం లేదు. కాదన్నవాణ్ణి దేశం వదిలి పొమ్మనరు. అది అందర్నీ అడిగే ప్రశ్న.

మన దేశంలో ఇదే ప్రశ్నను ఇంకో రకంగా కూడా అడుగుతారు. అప్పుడు అందర్నీ అడగరు. పేరు తెలుసుకున్నాక అడుగుతారు. పాకిస్తాన్‌తో యుద్ధం వస్తే మీరెటువైపు అంటారు. ఒక్కోసారి నోటితో అడగరు, చూపుతో అడుగుతారు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ రాసేనాటికే మనవాళ్ళలో చాలామందికి ఈ చూపు అలవాటై ఉంది. అడిగేవాడికి కావలసింది జవాబు కాదు, సబూతు. రుజువు. వఫాదారీకి రుజువు.

పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం అనే ఊరుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ తరతరాలుగా ఆ ఊరివాళ్ళు సైన్యంలోకి వెళ్తున్నారు. ఆ ఊరంటే అందరికీ గౌరవం, ఉండాలి కూడా. కాని ఒక్క సిపాయి కూడా లేని ఊళ్ళు మన రాష్ట్రాల్లో వేలున్నాయి. ఆ ఊళ్ళ రైతుని, వడ్డీ వ్యాపారిని, బడిపంతుల్ని ‘మీ ఇంట్లోంచి ఎవరు యుద్ధానికి పోయారు?’ అని ఎవరైనా అడిగారా? వాళ్ళు పుట్టుకతోనే దేశభక్తులు. మనం మాత్రం ప్రతి తరంలో కొత్తగా పరీక్ష రాయాలి. ఈ పరీక్ష పేపరు ఎవరు తయారుచేస్తున్నారో, పాత పేపర్లకు మన పెద్దలు రాసిన జవాబులు ఏమయ్యాయో చరిత్రలోకి వెళ్ళి చూడడం అవసరం.

ముందుగా ఒక మాట గురించి. ఉర్దూలో ‘తిలంగా’ అంటే సిపాయి. కంపెనీవాళ్ళ దగ్గర నౌకరీ చేసే సిపాయి. ఈ మాట మన తెలంగాణలోంచి, తెలుగు నేల మీదినుంచే పోయింది. క్లైవు మద్రాసు నుంచి బెంగాలుకు తీసుకెళ్ళిన సిపాయిల్లో తెలుగువాళ్ళు చాలామంది. 1757లో ప్లాసీలో కంపెనీ తరఫున పోరాడినవాళ్ళలో వాళ్ళున్నారు. దాంతో ఉత్తరాదిలో ఎర్రకోటు వేసుకున్న ప్రతి సిపాయీ తిలంగా అయ్యాడు. వందేళ్ళ తర్వాత, 1857లో, మీరట్ నుంచి తిరుగుబాటు చేసి వచ్చిన అవధ్, బీహారు సిపాయిల్ని కూడా ఢిల్లీ జనం తిలంగాలనే పిలిచారు.

అంతటి పేరున్న తెలుగువాళ్ళు 19వ శతాబ్దం చివరికొచ్చేసరికి యుద్ధానికి పనికిరానివాళ్ళయ్యారు. 1857 దెబ్బ తిన్నాక బ్రిటిషువాళ్ళు ‘యోధ జాతులు’ అనే లెక్క ఒకటి కట్టారు. సిక్కులు, గూర్ఖాలు, పంజాబీ ముసల్మాన్లు, పఠాన్లు యోధులట. తమిళులు, తెలుగువాళ్ళు కాదట. మద్రాసు సైన్యానికీ ఆ తర్వాత భారత సైన్యానికీ అధిపతిగా ఉన్న జనరల్ రాబర్ట్స్ ఈ సిద్ధాంతాన్ని గట్టిగా నమ్మినవాడు. మద్రాసు పటాలాల్ని ఒక్కొక్కటిగా తగ్గించుకుంటూ పోయారు. ఇంతకీ నూరేళ్ళలో తెలుగువాళ్ళ రక్తం ఏమైనా మారిందా? లేదు. రిజిస్టరు మారింది. పోరాడే గుణం జాతిలో ఉండదు, రాజ్యం రాసుకునే రిజిస్టర్లో ఉంటుందని తెలుగువాళ్ళకు ఎవరూ వేరే చెప్పనక్కర్లేదు. ఇవ్వాళ ముస్లింల మీద అదే రకం రిజిస్టరు తెరిచినప్పుడు దాన్ని గుర్తుపట్టాల్సింది ముందు వాళ్ళే.

ఇక వఫాదారీ సంగతి. మన హైదరాబాదు చరిత్రలో ఈ మాటకు పెద్ద బిరుదే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిషువాళ్ళకు అండగా నిలిచినందుకు 1918లో ఏడో నిజాముకు ‘యార్-ఎ-వఫాదార్’ అనే బిరుదు వచ్చింది. నమ్మకమైన మిత్రుడు అని. 1857లోనూ నిజాం దర్బారు కంపెనీకి వఫాదారే. ఔరంగాబాదు దగ్గర హైదరాబాదు కంటింజెంటు సిపాయిలు తిరగబడ్డారు. మన వాళ్ళ మీదికి మేం ఢిల్లీ పోం అన్నారు. వాళ్ళలో జమేదారు చీదా ఖాన్ తలదాచుకుందామని హైదరాబాదు వస్తే పట్టుకొని రెసిడెంటుకు అప్పగించారు. దాని మీద కోపంతో 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో జనం కోఠీలోని రెసిడెన్సీ మీద దాడిచేశారు. తుర్రేబాజ్ ఖాన్‌ని తర్వాత చంపి శవాన్ని నగరంలో వేలాడదీశారు. మౌల్వీని అండమాన్ పంపారు. ఆనాటి రికార్డు ప్రకారం నిజాం వఫాదార్. తుర్రేబాజ్ ఖాన్ గద్దార్. ఇవ్వాళ కోఠీలో స్మారకం ఎవరి పేరున ఉంది? తుర్రేబాజ్ ఖాన్ పేరున. వఫాదారీ ఎవరికి అన్నది తేలకుండా వఫాదారీ గురించి మాట్లాడ్డం కుదరదు.

దేశం కోసం పోరాడడం అంటే ఎప్పుడూ తుపాకీ పేల్చడమే కాదు. పేల్చననడం కూడా. 1915 ఫిబ్రవరి 15న సింగపూర్లో ఐదో లైట్ ఇన్‌ఫెంట్రీ సిపాయిలు తిరగబడ్డారు. వాళ్ళలో ఎక్కువమంది ముస్లింలు. తమను తుర్కుల మీదికి యుద్ధానికి పంపుతున్నారన్న వదంతి, గదర్ పార్టీ ప్రచారం, అధికారుల మీద కోపం, అన్నీ కలిశాయి. 47 మందిని గోడకు నిలబెట్టి జనం చూస్తుండగా కాల్చి చంపారు. 1921లో కరాచీ ఖిలాఫత్ సభలో బ్రిటిషు సైన్యంలో పనిచేయడం తప్పు అని తీర్మానించినందుకు అలీ సోదరులు, హుస్సేన్ అహ్మద్ మదనీ, సైఫుద్దీన్ కిచ్లూ రెండేళ్ళ జైలుశిక్ష పొందారు. అదే కేసులో ముద్దాయిగా నిలబడ్డ ఇంకొకాయన ఎవరో తెలుసా? శంకరాచార్య పీఠాధిపతి భారతీ కృష్ణ తీర్థ. ఆయన్ని విడిచిపెట్టారు. ఆ అక్టోబరులో గాంధీతో సహా కాంగ్రెసు నాయకులు అదే మాట చెబుతూ సంతకాలు చేశారు. 1930 ఏప్రిల్ 23న పెషావర్లో కిస్సా ఖ్వానీ బజారులో నిరాయుధులైన పఠాన్ల మీద కాల్పులు జరపమంటే గఢ్వాలీ సిపాయిలు జరపమన్నారు. సిపాయిలు హిందువులు, ఎదురుగా ఉన్నవాళ్ళు ముస్లింలు. చంద్రసింగ్ గఢ్వాలీకి యావజ్జీవ శిక్ష పడింది. వీళ్ళందర్నీ ‘పోరాడతారా?’ అని సర్వే చేసి ఉంటే కాదు అనే చెప్పి ఉండేవాళ్ళు. దేశానికి పనికొచ్చిన జవాబు అదే.

పోరాడతామన్నవాళ్ళూ ఉన్నారు. హైదరాబాదు కుర్రవాడు ఆబిద్ హసన్ జర్మనీలో ఇంజనీరింగు చదువు వదిలి సుభాస్ బోసు వెంట నడిచాడు. 1943లో బోసు జర్మనీ నుంచి సబ్‌మెరైనులో తూర్పుకు ప్రయాణం చేసినప్పుడు వెంట ఉన్న భారతీయుడు ఆయనొక్కడే. కాషాయ రంగు మీద అభిమానంతో ‘సఫ్రానీ’ అని పేరుకు చేర్చుకున్నాడు. ‘జైహింద్’ అనే పలకరింపును తెచ్చిన ఖ్యాతి ఆయనది. స్వాతంత్ర్యం వచ్చాక విదేశాంగ శాఖలో రాయబారిగా పనిచేసి హైదరాబాదులోనే కన్నుమూశాడు. ఇవ్వాళ ‘జైహింద్ అను’ అని మన పిల్లల కాలరు పట్టుకునేవాళ్ళకు ఆ మాట పుట్టిన ఇంటి సంగతి తెలీదు. 1945 నవంబరులో ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజు మీద మొదటి విచారణ జరిగినప్పుడు బోనులో నిలబడ్డ ముగ్గురు షానవాజ్ ఖాన్, ప్రేమ్ సెహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్. బ్రిటిషు చట్టం ప్రకారం ముగ్గురూ రాజద్రోహులే.

తర్వాత దేశం రెండయింది. సైన్యమూ రెండయింది. ఆజంగఢ్ ప్రాంతంవాడైన బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్ అప్పటికి బలూచ్ రెజిమెంటు అధికారి. ఆ రెజిమెంటు పాకిస్తాన్‌కు పోయింది. ఆయన పోలేదు. 1947 డిసెంబరులో కశ్మీరులోని ఝంగర్ చేజారింది. దాన్ని తిరిగి తీసుకునేదాకా మంచం మీద పడుకోనన్నాడు. నేల మీద పడుకున్నాడు. 1948 ఫిబ్రవరిలో నౌషేరాను కాపాడాడు, మార్చిలో ఝంగర్ తిరిగి తీసుకున్నాడు. జూలై 3న అక్కడే ఫిరంగి గుండు తగిలి చనిపోయాడు. అప్పటికాయనకు 36 ఏళ్ళు నిండలేదు. అంత్యక్రియలకు నెహ్రూ వచ్చాడు. మహావీర చక్ర ఇచ్చారు. ఢిల్లీలో జామియా మిలియా పక్కనున్న ఆయన సమాధి 2020 డిసెంబరులో పగిలి కనిపించింది. సైన్యమే బాగుచేయించింది.

ఉస్మాన్ చనిపోయిన రెండు నెలలకే మన హైదరాబాదులో ఇంకో యుద్ధం జరిగింది. దాన్ని యుద్ధం అనకుండా పోలీసు చర్య అన్నారు. 1948 సెప్టెంబరు 13 నుంచి 17 దాకా ఐదు రోజులు. ఇక్కడ మనం నిజాయితీగా మాట్లాడుకోవాలి. రజాకార్ అనే మాటకు అర్థం ఏమిటి? ఎవరూ బలవంతపెట్టకుండా తన ఇష్టంతో ముందుకొచ్చినవాడు, స్వచ్ఛంద సేవకుడు అని. అంటే ‘దేశం కోసం పోరాడతారా?’ అనే ప్రశ్నకు చెయ్యెత్తి అవును అన్నవాడు. వాడి దేశం నిజాం రాజ్యం. ఆ అవును ఎంతమంది ఊళ్ళను తగలబెట్టిందో తెలంగాణ పల్లెలు మర్చిపోలేదు, మనమూ మర్చిపోకూడదు. పోరాడే ఇష్టం ఒక్కటే ఉంటే అది గొప్ప గుణం కాదని రజాకార్ చరిత్ర చెబుతోంది. ఎవరి కోసం, ఎవరి మీద అన్నది కూడా అడగాలి.

ఆ మాట అడిగిన ముస్లింలు అప్పుడే ఉన్నారు. ‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ హైదరాబాదు భారతదేశంలో కలవాలని, రజాకార్లు చేస్తున్నది అన్యాయమని రాశాడు. 1948 ఆగస్టులో నడివీధిలో ఆయన్ని చంపారు, చేతులు నరికారు. మఖ్దూం మొహియుద్దీన్ నిజాం రాజ్యం మీద పోరాటంలో ఉన్నాడు. వీళ్ళ పేర్లు చెప్పకుండా 1948 కథను ఒక మతం మీద ఇంకో మతం గెలిచిన కథలాగా చెప్పేవాళ్ళు రజాకార్లకు అప్పనంగా ఒక గెలుపు ఇస్తున్నారు. హైదరాబాదు ముస్లింలందరి తరఫునా తామే మాట్లాడుతున్నామని కాసిం రజ్వీ అన్నాడు. అది అబద్ధం. ఆ అబద్ధాన్నే వీళ్ళు ఇవ్వాళ నిజం చేస్తున్నారు.

ఆ తర్వాత జరిగింది కూడా చెప్పాలి. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌ల బృందం 1948 చివర్లో జిల్లాలు తిరిగింది. తక్కువలో తక్కువ లెక్క కట్టినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని రాసింది. చంపింది ఎక్కువ చోట్ల స్థానిక మూకలు. కొన్నిచోట్ల సైనికుల, పోలీసుల చెయ్యి కూడా ఉందని, కొన్నిచోట్ల సైనికులే కాపాడారని కూడా ఆ నివేదికలో ఉంది. దశాబ్దాల పాటు దాన్ని బయటపెట్టలేదు. 2013లో గాని ఢిల్లీలో చదువుకోవడానికి దొరకలేదు. రజాకార్ అన్న మాట మాత్రం ఒక్కరోజు కూడా మరుగున పడలేదు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా బయటికి వస్తుంది. అప్పటికి పుట్టని పిల్లల మీద కూడా పడుతుంది.

ఇక సైన్యంలో మనం ఎంతమందిమి? దేశ విభజన నాటికి సైన్యంలో ముస్లింలు 32 శాతం. ఎక్కువ భాగం పాకిస్తాన్‌కు పోయింది. 1953లో రక్షణశాఖ సహాయ మంత్రి మహావీర్ త్యాగి ఆ సంఖ్య 2 శాతానికి పడిపోయిందన్నాడు. హైదరాబాదు బిడ్డ, చరిత్రకారుడు ఉమర్ ఖాలిదీ ఈ లెక్కల వెంట ఏళ్ళ తరబడి తిరిగాడు. 2006లో సచార్ కమిటీ లెక్క అడిగితే గొడవైంది. సైన్యంలో మతం లెక్క తీయడమే దేశానికి హాని అన్నారు. కమిటీ నివేదికలోకి ఆ లెక్క రానే లేదు. సైన్యంలో మతం చూడకూడదన్న మాట మంచిదే. కాని లెక్క అడిగినప్పుడు చూడకూడని మతం, ‘మీరు పోరాడతారా?’ అని అడిగేటప్పుడు ఎక్కణ్ణుంచి కనిపిస్తోంది? పిల్లవాడికి బడిలో సీటు ఇవ్వకుండా పరీక్ష ఎందుకు రాయలేదని అడిగినట్టుంది ఇది.

లెక్క లేనిచోట అబద్ధం మొలుస్తుంది. 1965లో భారత సైన్యంలో ఒక ‘ముస్లిం రెజిమెంటు’ ఉండేదని, పాకిస్తాన్ మీద పోరాడనన్నదని, అందుకే దాన్ని రద్దు చేశారని కొన్నేళ్ళుగా ఫోన్లలో తిరుగుతోంది. అలాంటి రెజిమెంటు 1965లో లేదు. లేనిదాన్ని రద్దు చేసేదేముంది? 2020 అక్టోబరులో అడ్మిరల్ రాందాస్‌తో సహా సుమారు 120 మంది మాజీ సైనికాధికారులు ఈ అబద్ధం మీద చర్య తీసుకోండని రాష్ట్రపతికి, ప్రధానికి లేఖ రాశారు. లేఖ రాసినవాళ్ళు యుద్ధాలు చేసినవాళ్ళు. తమ పక్కన ఎవరు నిలబడ్డారో వాళ్ళకు తెలుసు.

అదే 1965లో ఉన్న నిజం అబ్దుల్ హమీద్. ఘాజీపూర్ జిల్లా ధాముపూర్ గ్రామం. తండ్రి దర్జీ. నాలుగో గ్రెనేడియర్స్‌లో హవల్దారు. ఖేమ్‌కరణ్ దగ్గర అసల్ ఉత్తర్ పోరులో చెరకు తోటల చాటున జీపు మీద బిగించిన తుపాకీతో పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకుల్ని ఒకదాని తర్వాత ఒకటి పేల్చాడు. సెప్టెంబరు 10న అక్కడే చనిపోయాడు. పరమవీర చక్ర వచ్చింది. 1999లో కార్గిల్ యుద్ధంలో కెప్టెన్ హనీఫుద్దీన్ తుర్తుక్ కొండల్లో జూన్ 6న చనిపోయాడు. వీరచక్ర వచ్చింది. ఆయన పనిచేసింది రాజపుతానా రైఫిల్స్‌లో.

ఇన్ని సబూతులున్నా పరీక్ష ఎందుకు ముగియలేదు? 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో 40 మంది సి.ఆర్.పి.ఎఫ్. జవాన్లు చనిపోయిన సాయంత్రం, నేను అప్పుడు పనిచేస్తున్న తెలుగు పత్రికలో ‘పాతబస్తీకి వెళ్ళి ముస్లింల స్పందన తీసుకురా’ అన్నారు. మిగతా బస్తీల స్పందన అక్కర్లేదు. ఆ 40 మందిలో ఒకరు రజౌరీకి చెందిన ముస్లిం. చనిపోయినవాళ్ళలోనూ మనం ఉన్నాం, సంజాయిషీ చెప్పుకోవలసినవాళ్ళమూ మనమే. ఆ ఏడాదే మే నెలలో అస్సాంలో ముప్పై ఏళ్ళు సైన్యంలో పనిచేసి రిటైరైన ముస్లిం ఒకాయన్ని విదేశీయుడని ట్రిబ్యునల్ తేల్చింది. నిర్బంధ కేంద్రానికి పంపారు. హైకోర్టు బెయిలిచ్చాక బయటికొచ్చాడు. 2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ వివరాలు దేశానికి చెప్పిన సైనికాధికారుల్లో కర్నల్ సోఫియా ఖురేషీ ఒకరు. కొద్దిరోజుల్లోనే మధ్యప్రదేశ్ మంత్రి ఒకాయన ఆమెను ఉగ్రవాదుల తోబుట్టువన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. హైకోర్టు తనంతట తానే పట్టించుకొని కేసు పెట్టమంది. సైనిక దుస్తుల్లో ఉన్న కర్నల్‌కే సరిపోని సబూతు, సైకిలు షాపు నడుపుకునే మన తమ్ముడి దగ్గర ఎక్కణ్ణుంచి వస్తుంది?

అందుకే మనవాళ్ళతో ఒక మాట. మన సభల్లో వక్త లేవగానే ఉస్మాన్, హమీద్, హనీఫ్ అని పేర్లు చదువుతాడు. చప్పట్లు పడతాయి. ఆ పేర్లు చెప్పుకోవలసినవే. ఆ చరిత్ర తెలుగు పాఠ్యపుస్తకాల్లో రావలసిందే. కాని ఆ పేర్లను రేషన్ కార్డు లాగా జేబులో పెట్టుకొని తిరగడం వాళ్ళకూ మర్యాద కాదు, మనకూ కాదు. హమీద్ యుద్ధంలో చనిపోయాడు కాబట్టి భారతీయుడు కాలేదు. భారతీయుడు కాబట్టి సైన్యంలో చేరాడు. బట్టలు కుట్టుకుంటూ బతికిన ఆయన తండ్రి కొడుకు కన్నా ఒక్క వీసమెత్తు తక్కువ భారతీయుడు కాదు. చచ్చిపోతేగాని పౌరుడు కాని దేశంలో బతికున్నవాళ్ళ సంగతేమిటి?

హిందూ మిత్రులతో కూడా ఒక మాట. రాజ్యాంగం ఈ విషయంలో అస్పష్టంగా ఏమీ లేదు. పిలుపు వచ్చినప్పుడు దేశరక్షణకు, జాతీయ సేవకు నిలబడడం ప్రతి పౌరుడి ప్రాథమిక విధి అని 51ఎ అధికరణం చెబుతోంది. ప్రతి పౌరుడు. ప్రజావసరం కోసం రాజ్యం నిర్బంధ సేవ విధించవలసి వచ్చినా మతం, జాతి, కులం, వర్గం చూసి తేడా చేయకూడదని 23వ అధికరణం చెబుతోంది. సేవలోనే తేడా కూడదన్నప్పుడు అనుమానంలో తేడా ఎలా న్యాయం? ప్రశ్న అడగదలిస్తే వీధిలో ప్రతి ఇంటి తలుపూ తట్టి అడగండి. మా తలుపు దగ్గరికొచ్చినప్పుడు మేమూ జవాబు చెబుతాం. మాలో అవును అనేవాళ్ళుంటారు, భయమనేవాళ్ళుంటారు, యుద్ధమే వద్దనేవాళ్ళుంటారు. మీలో లాగానే.

షోయబుల్లా ఖాన్ ఏ సైన్యంలోనూ పనిచేయలేదు. ఆయనకు చక్రాలు, పతకాలు రాలేదు. తన చుట్టూ ఉన్నవాళ్ళు పోరాడదాం రమ్మని పిలుస్తున్నప్పుడు రానన్నాడు, ఎందుకు రానో తన పత్రికలో రాశాడు. ఉర్దూలో రాశాడు, అంటే ముందుగా మనవాళ్ళ కోసం రాశాడు. దేశం కోసం పోరాడినవాళ్ళ జాబితా ఎప్పుడైనా సరిగ్గా రాస్తే, అందులో ఆ సంపాదకుడి పేరు బ్రిగేడియర్ ఉస్మాన్ పేరు పక్కనే ఉండాలి. ఇద్దరూ చనిపోయింది 1948లోనే, ఆరేడు వారాల తేడాతో.